మంచి సర్జన్‌ను సూపరింటెండెంట్ చేశాం, ఆసుపత్రి కుంటుతోంది. డాక్టర్లను పాలనకు ఎలా తయారు చేయాలి?

ప్రశ్న: కర్నూలులో మాది 150 పడకల ప్రైవేటు ఆసుపత్రి. 18 మంది కన్సల్టెంట్లు ఉన్నారు, సగానికి పైగా ఆరోగ్యశ్రీ కేసులే. మా ఎముకల సర్జన్ గారు చేయి తిరిగిన మనిషి, ఆయనంటే అందరికీ గౌరవం. అందుకే ఆయన్ని మెడికల్ సూపరింటెండెంట్ చేశాం. ఎనిమిది నెలలైంది. సిస్టర్లు మానేస్తున్నారు, ఫైళ్లు కదలట్లేదు, ఆయనకూ విసుగొచ్చింది. మరో ఇద్దరు ముగ్గురు చిన్న వయసు డాక్టర్లను ఇప్పటి నుంచే తయారు చేద్దామనుకుంటున్నాం. ఎంబీఏకి పంపితే సరిపోతుందా?

జవాబు:

సరిపోదు. ఎంబీఏ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ సర్జన్ గారి దగ్గర ఎక్కడ దెబ్బతిన్నదో తెలియాలి. లేకపోతే కొత్తవాళ్లూ అక్కడే పడతారు.

డాక్టరుకు పదిహేనేళ్లుగా అలవాటైన తీరు ఒకటుంది. ఎదురుగా ఒక రోగి, నిర్ణయం తనది, ఫలితం గంటల్లోనో రోజుల్లోనో కంటికి కనిపిస్తుంది. తొడ ఎముకకు రాడ్ వేస్తే సాయంత్రం ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. సూపరింటెండెంట్ కుర్చీలో ఇవేవీ ఉండవు. పని ఇంకొకరి చేత జరగాలి, ఫలితం మూడు నెలలకు గానీ బయటపడదు. ఫార్మసీ చెప్పేదీ నిజమే, వార్డు చెప్పేదీ నిజమే. ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్లో, చెయ్యి చాపితే క్లాంప్ వచ్చి పడుతుంది. కన్సల్టెంట్ల మీటింగులో చెయ్యి చాపితే పద్దెనిమిది అభిప్రాయాలు వచ్చి పడతాయి. ఈ తేడా ఎవరూ ముందు చెప్పకపోతే ఎంత తెలివైనవాడైనా గట్టిగా ఆర్డర్లు వేయడం మొదలుపెడతాడు. ఆ ఆర్డర్లు ఎదురు చెప్పలేని సిస్టర్ల మీదికే పోతాయి. మీ దగ్గర సిస్టర్లు మానేయడానికి జీతం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

రెండో కారణం డబ్బు. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. కేసును బట్టి వాటా తీసుకునే సర్జన్‌కు మీటింగులో కూర్చున్న ప్రతి గంటా సొంత జేబులోంచి పోయేదే. కాబట్టి ఆయన రాత్రి తొమ్మిదికి, ఓపీ అయ్యాక, సంతకాలకు కూర్చుంటాడు. ఫైలు కదలకపోవడానికి సగం కారణం ఇదే. 150 పడకలకు సూపరింటెండెంట్ పని వారానికి కనీసం 12 గంటలు, ఒక్కో విభాగం బాధ్యుడికి 4 గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. ఆ గంటలకు నెలకింత అని స్థిరమైన మొత్తం ఇవ్వాలి. గత ఆరు నెలల్లో ఆ పూట ఆయనకు వచ్చిన సగటు చూసి ఆ మొత్తం కట్టండి. అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పూట ఓపీ మూసేయండి, రిసెప్షన్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే రెండో వారానికే "సార్, ఒక్క పేషెంటే" అని మొదలవుతుంది. ఈ పాలన పూటను సోమవారం మాత్రం పెట్టొద్దు. ఆదివారం ఆగినవాళ్లు, ఆదోని, ఎమ్మిగనూరు, గద్వాల, రాయచూరు వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చేవాళ్లు, అందరూ ఆరోజే దిగుతారు. బుధవారమో గురువారమో మధ్యాహ్నం మేలు.

ఎవరిని ఎంచుకోవాలి? ఎక్కువ కేసులు తెచ్చేవాళ్లనీ, వయసులో పెద్దవాళ్లనీ ఎంచుకోవడం మన దగ్గర రివాజు. రెండూ పొరపాటే. కేస్ షీట్లు తీసి చూడండి: తారీఖు, సమయం, సంతకం, రేపటి ప్లాన్ ఎవరు రాస్తున్నారు? రాత్రి డ్యూటీ సిస్టర్లను అడగండి: రెండు గంటలకు భయపడకుండా ఏ డాక్టరుకు ఫోన్ చేస్తారు? కాంప్లికేషన్ వచ్చినప్పుడు తానుగా వచ్చి చెప్పేది ఎవరు? ఈ మూడింట్లోనూ ఒకే పేరు వినిపిస్తే మీకు మనిషి దొరికినట్టే. ఒక్కరితో ఆపకండి, నలుగురిని తీసుకోండి. ఇద్దరు మధ్యలో తప్పుకుంటారు, అది మామూలే. అందరూ సర్జన్లే కాకుండా చూసుకోండి. మత్తు డాక్టర్లను జనం మరిచిపోతారు గానీ, అన్ని విభాగాల వాళ్లతో రోజూ పనిచేసేదీ, ఓటీలో ఎవరి పద్ధతి ఏమిటో పక్కన నిలబడి చూసేదీ వాళ్లే. నా లెక్కలో ఈ పనికి వాళ్లు ముందు వరసలో ఉంటారు.

ఇక అసలు శిక్షణ. ఎంచుకున్న ప్రతి ఒక్కరికీ ఒక నిజమైన సమస్య, 90 రోజుల గడువు, ఒకే ఒక అంకె ఇవ్వండి. "క్వాలిటీ పెంచండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మొదటి పనికి నేనైతే డిశ్చార్జి ఆలస్యాన్ని ఇస్తాను. దాంట్లో డాక్టరు, సిస్టరు, ఫార్మసీ, బిల్లింగు, ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర అందరూ ఉంటారు, ఎవరి మీదా పూర్తి అధికారం ఉండదు. నేర్చుకోవాల్సింది సరిగ్గా అదే.

చేసే తీరు ఇది. 30 డిశ్చార్జిలు తీసుకోండి, 15 ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద, 15 నగదు లేదా ఇన్సూరెన్స్. ప్రతి ఒక్కరికీ ఆరు సమయాలు రాయాలి: డాక్టరు డిశ్చార్జి రాసింది, సమ్మరీ టైపయింది, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లింది, బిల్లు తయారయింది, ఆన్‌లైన్ పని లేదా ఇన్సూరెన్స్ అనుమతి పూర్తయింది, రోగి గేటు దాటింది. ఆ అంకెలు డాక్టరే వార్డులో నిలబడి రాయాలి, కనీసం మొదటి పది. కంప్యూటర్‌లోంచి తీసిన టైములు నమ్మొద్దు. బిల్లు కౌంటర్‌లో అందరివీ కలిపి ఒకేసారి ఎంట్రీ కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది.

ఆ రెండు రకాల రోగులనూ కలిపి సగటు తీస్తే ఏమీ తేలదు, దారులే వేరు. సగటు కన్నా మీడియన్ వాడండి, అంటే అంకెలన్నీ వరసగా పేరిస్తే నడిమధ్య వచ్చేది. ఇన్సూరెన్స్ దగ్గర తొమ్మిది గంటలు ఇరుక్కున్న ఒక్క కేసు సగటు మొత్తాన్ని చెడగొడుతుంది. సాధారణంగా బయటపడేవి రెండు. సీనియర్ రౌండ్స్ పదకొండింటికి ముగిశాక గానీ సమ్మరీ రాయడం మొదలుకాదు. మందులు వెనక్కి ఇచ్చే పని బిల్లు అడిగాక గానీ గుర్తురాదు. ఈ ఆలస్యానికి విరుగుడు కూడా చిన్నదే: రేపు ఇంటికి పోయేవాళ్ల పేర్లు ముందురోజు సాయంత్రం ఐదుకల్లా వార్డు బోర్డు మీద రాయాలి, డ్యూటీ డాక్టరు రాత్రే సమ్మరీ చిత్తుప్రతి తయారు చేయాలి, పొద్దున రౌండ్స్ ఇంటికి పోయేవాళ్ల మంచాల నుంచి మొదలవ్వాలి.

దీన్ని ఒకేసారి ఆసుపత్రి అంతా పెట్టించడమే చాలామంది చేసే తప్పు. ఒక వార్డు, ఒక రోజు, ఒప్పుకున్న ఒక సిస్టరుతో మొదలుపెట్టి, ఏం అడ్డొచ్చిందో చూసి, మర్నాడు మార్చి మళ్లీ చేయాలి. రోజుకో చుక్క గ్రాఫ్ మీద పెట్టండి. పాత మీడియన్ గీతకు ఒకే వైపున వరసగా ఆరు చుక్కలు పడితే మార్పు నిజమని నమ్మొచ్చు. గీత మీదే పడిన చుక్కను లెక్కపెట్టకూడదు. రెండు రోజులు బాగుందని వాట్సాప్ గ్రూపులో చప్పట్లు కొట్టించుకుంటే మూడో వారానికి పాత కథే.

అంకెల విలువ డాక్టర్లకు మంచాల లెక్కతో బాగా ఎక్కుతుంది. మీ 150 పడకలకు 30 రోజుల్లో 4,500 పడక-రోజులు. అందులో 3,600 నిండితే ఆక్యుపెన్సీ 80 శాతం. ఆ నెలలో 900 మంది డిశ్చార్జి అయితే ఒక్కొక్కరు సగటున 4 రోజులు ఉన్నట్టు. అదే 3.6 రోజులకు తగ్గిస్తే అంతే మందికి 3,240 పడక-రోజులు చాలు. 360 మిగిలాయి, అంటే రోజుకు 12 మంచాలు. వానలు పడ్డాక జ్వరాల సీజన్‌లో ఇటుక పేర్చకుండా 12 మంచాలు వస్తున్నాయని తెలిశాక, డిశ్చార్జి సమ్మరీని క్లర్కు పని అనుకున్న డాక్టరు మళ్లీ ఆ మాట అనడు. అయితే రోజులు తగ్గాయని సంబరపడే ముందు, ఇంటికి పోయి 30 రోజుల్లోపు తిరిగి చేరినవాళ్ల అంకె పక్కన పెట్టి చూడాలి. అది పెరుగుతుంటే మీరు రోగులను తొందరపెట్టి పంపుతున్నట్టే.

రెండో 90 రోజులకు స్టోర్స్ ఇవ్వండి. డబ్బు లెక్క నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి లేదు. కొనే వస్తువుల్లో దాదాపు పదో వంతు రకాలే ఖర్చులో 70 శాతం దాకా తింటాయి. వాటిని వారం వారం చూడాలి. ఇంకో పక్క, ఖరీదుతో పనిలేకుండా ప్రాణం నిలిపేవి ఏవో వేరుగా గుర్తుపెట్టాలి. ఈ రెండు జాబితాలూ ఒకటి కావు. జూన్, జూలైలో విత్తనం వేసే రోజుల్లో మన చేలల్లో పాముకాట్లు పెరుగుతాయి. విషం ఎక్కిన మనిషికి మొదటి మోతాదే సుమారు 10 వయల్స్ పాము విషానికి విరుగుడు కావాలి. షెల్ఫ్‌లో 20 ఉన్నాయంటే స్టాక్ ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఇద్దరికి మొదలుపెట్టడానికి సరిపోయేంత మాత్రమే. ఇండెంట్ మీద, అంటే సరుకు కావాలని అడిగే కాగితం మీద, సంతకం పెట్టే డాక్టరు ఈ లెక్క తానే వేయగలగాలి.

మరణాలు, కాంప్లికేషన్ల సమీక్ష అన్నిటికన్నా కష్టమైన పాఠం. నెలకు రెండుసార్లు, గంటసేపు, రెండు కేసులు, అంతకుమించొద్దు. ముందు గడియారం ప్రకారం ఏం జరిగిందో చదవాలి, తర్వాత ఏది వేరుగా ఉంటే ఫలితం మారేదో అడగాలి, చివర్లో ఎవరు ఏ తారీఖుకి ఏం చేస్తారో రాయాలి. మినిట్స్ ఒక్క పేజీ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాతృ మరణాల సమీక్షకు పేరు వద్దు, నింద వద్దు అన్న సూత్రం ఇప్పటికే ఉంది, దాన్నే తెచ్చుకోండి. ఇక్కడ రెండు జబ్బులుంటాయి. ఒకటి, పెద్ద సార్ల కేసులు ఎప్పటికీ లిస్టులోకి రావు. దీనికి ఒకటే దారి: మొదటి కేసు, ఆ సమీక్షను నడిపే డాక్టరుదే కావాలి. రెండు, చిన్నవాళ్లు నోరు విప్పరు. పెద్దాయన ఒకసారి మాట్లాడాక హౌస్ సర్జన్ ఏమంటాడు? కాబట్టి వరస తిప్పండి: ముందు స్టాఫ్ నర్సు, తర్వాత డ్యూటీ డాక్టరు, చివరికి కన్సల్టెంటు. ఈ చిన్న నియమం ఒక్కదాన్ని ఏడాదిపాటు తప్పకుండా నడిపించగలిగిన వ్యక్తికి కుర్చీ ఇవ్వొచ్చు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు. చాలామంది ఇదే కర్నూలు మెడికల్ కాలేజీలో చదివినవాళ్లు. 38 ఏళ్ల విభాగం బాధ్యుడు 55 ఏళ్ల సీనియర్‌కు తప్పు చెప్పాలి, ఆ సీనియర్ ఒకప్పుడు ఆయనకు పాఠం చెప్పిన సారు. "సార్" అన్న మాట నోట్లో ఉండగా "మీరు ఆలస్యంగా వస్తున్నారు" అనడం ఎవరికైనా కష్టమే. దీన్ని ధైర్యానికి వదిలేయకండి, రిహార్సల్ చేయించండి. ఇద్దరు కూర్చుని 20 నిమిషాలు, ఒకరు సీనియర్ పాత్ర. నియమాలు కొన్నే: ఘటన జరిగిన 48 గంటల్లోపు, కారిడార్‌లో కాకుండా గదిలో, ఒంటరిగా, ఒకే ఒక్క ఘటన మీద. "సార్, నిన్న తొమ్మిదికి పెట్టిన మొదటి కేసు పదింబావుకు మొదలైంది. మూడో కేసు పేషెంటు సాయంత్రం ఐదు దాకా ఏమీ తినకుండా ఉన్నాడు. పొద్దున మీకు అడ్డొస్తున్నది ఏమిటో చెప్పండి సార్, టైమే మారుద్దామా?" అంతే. "మీరు ఎప్పుడూ ఇంతే" అన్నారంటే సంభాషణ అక్కడితో చచ్చింది. ఓటీ బోర్డు మీద ప్రతి సర్జన్‌కూ మొదటి కేసు కత్తి పెట్టిన సమయం రోజూ రాయిస్తే సగం మాటల అవసరం తప్పుతుంది. అందరిదీ రాయాలి సుమా, ఒక్కరిదే రాస్తే అది శిక్ష.

అయితే ఇవన్నీ నిలబడాలంటే యాజమాన్యం ఒక కాగితం రాసివ్వాలి. సూపరింటెండెంట్ ఎంతవరకు కొనొచ్చు (25,000 రూపాయలతో మొదలుపెట్టండి), ఎవరి సెలవు మంజూరు చేయొచ్చు, పరికరాలు క్రిమిరహితమయ్యాయో లేదో చూపే స్టెరిలైజేషన్ సూచిక సరిగా మారకపోతే ఓటీ లిస్టును ఎవరినీ అడగకుండా ఆపొచ్చా. ఆ మూడోది ముఖ్యం. ఒకసారి ఆపాక మీలో ఎవరో ఫోన్ చేసి "ఈ ఒక్క కేసు కానివ్వండి" అన్నారంటే, ఆ కాగితం చించేసినట్టే. డాక్టర్లలో నాయకత్వం లేదని బాధపడే యాజమాన్యాల్లో చాలావాటికి అసలు ఇబ్బంది ఈ ఫోన్ కాల్ దగ్గరే.

ఒంటరిగా కూడా వదలొద్దు. అమెరికాలో మేయో క్లినిక్‌లో డాక్టరు నాయకుడి పక్కన పాలనాధికారిని జతగా పెట్టే సంప్రదాయం చాలాకాలంగా ఉంది. మీకు ఇద్దరి బదులు ముగ్గురు కావాలి: డాక్టరు, నర్సింగ్ సూపరింటెండెంట్, అడ్మిన్ మేనేజరు. రోజూ పొద్దున 8.15కి నిలబడి పదిహేను నిమిషాలు. నిన్నటి మరణాలు, ఐసీయూలో ఖాళీలు, ఈ పూట ఎవరు రాలేదు, ఆగిపోయిన ప్రీ-ఆథ్‌లు (చికిత్సకు ముందస్తు అనుమతులు), ఆక్సిజన్, చెడిపోయిన మిషన్లు. కూర్చుంటే గంట అవుతుంది. శిక్షణలో ఉన్న నలుగురూ వారానికొకరు చొప్పున దీన్ని నడపాలి.

క్యాజువాలిటీ గొడవల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాయకుడి పరీక్ష అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2008 చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. బోర్డు పెట్టండి, కానీ బోర్డుతో గొడవ ఆగదు. రోగి పరిస్థితి దిగజారగానే, అరగంటలోపు, ఒకే డాక్టరు, బంధువుల్లో మాట చెల్లే ఇద్దరిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఇంగ్లిషు ముక్క లేకుండా చెప్పాలి. ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పినప్పుడే అనుమానం పుడుతుంది. ఈ పనిని అతి చిన్న డ్యూటీ డాక్టరు మీదికి నెట్టే సూపరింటెండెంట్‌ను సిబ్బంది మళ్లీ నమ్మరు.

ఇప్పుడు కోర్సులు. ముందు ఆరునెలలు పని, ఆ తర్వాత కోర్సు. అప్పుడు క్లాసులో చెప్పే ప్రతి మాటకూ తన వార్డులోంచి ఒక ఉదాహరణ ఉంటుంది. ఇగ్నోలో దూరవిద్యగా హాస్పిటల్, హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం మానక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సు పూర్తికాలం, ఇదే వృత్తిగా మార్చుకోవాలనుకునేవాళ్లకు. 1976లో 11 పడకలతో మొదలైన మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లకు 1992 నుంచి లైకో అనే శిక్షణ సంస్థ ఉంది. మీది కంటి ఆసుపత్రి కాకపోయినా, డాక్టరు చేయాల్సిందీ ఇతరులు చేయగలిగిందీ ఎలా విడదీశారో ఒకసారి వెళ్లి చూసి రావడం దండగ కాదు. ఏ కోర్సుకు పంపినా ప్రాజెక్టు మీ ఆసుపత్రి సమస్య మీదే ఉండాలని షరతు పెట్టండి.

ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి ఇది చదివేవాళ్లకు రెండు మాటలు. సీనియారిటీతో, రిటైర్మెంటుకు దగ్గరలో సూపరింటెండెంట్ కుర్చీ వస్తుంది కాబట్టి అక్కడ నేర్చుకునే టైము ఉండదు. నేర్చుకోవాల్సింది ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), డిప్యూటీ సూపరింటెండెంట్ పనుల్లో, పదేళ్ల ముందు. నియామకాలు, బదిలీలు చేతిలో ఉండవు గానీ డ్యూటీ రోస్టరు, మందుల స్టాకు చూసే ఆన్‌లైన్ వ్యవస్థ ఇ-ఔషధిలో ఇండెంట్ ఎప్పుడు పెడుతున్నామన్నది, ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులు చేతిలోవే. ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలైన ఎన్‌క్వాస్ ఎనిమిది అంశాల చెక్‌లిస్టును తనిఖీ వారానికి దుమ్ము దులిపే కాగితంగా కాకుండా, ఒక్కో అంశం ఒక్కో డాక్టరుకు అప్పగిస్తే అదే శిక్షణ. పీజీలకు మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ, అంటే జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయడం, తప్పనిసరి అయ్యాక ఏరియా ఆసుపత్రులకు చదువుకున్న చేతులు అందుతున్నాయి. వాళ్లను ఓపీలో కూర్చోబెట్టి ఊరుకోకుండా పైన చెప్పిన లాంటి 90 రోజుల పని ఒకటి ఇవ్వండి. గడువు కూడా సరిగ్గా సరిపోతుంది.

పురోగతి ఎలా తెలుస్తుంది? కింది సిబ్బంది అభిప్రాయం పేర్లు లేకుండా తీసుకుంటామంటారు. 150 పడకల చోట చేతిరాత చూసి ఎవరిదో చెప్పేస్తారు. తెలుగులో టిక్కు పెట్టే ఫారం ఇచ్చి, బయటి మనిషి చేత సేకరించండి. ఇంకో సులువైన పరీక్ష ఉంది: ఆ డాక్టరు వారం సెలవు పెట్టినప్పుడు 8.15 మీటింగు జరిగిందా? జరిగితే ఆయన తన బదులు మనిషిని తయారు చేసుకున్నట్టు.

మీ సర్జన్ గారిని రేపే దించేయకండి. ఆయనతో ఒక పూట కూర్చుని, 12 గంటలు, స్థిర మొత్తం, అధికారాల కాగితం, పక్కన ఇద్దరు, ఇవన్నీ ముందు పెట్టి, ఇలా అయితే ఉంటారా అని అడగండి. ఉంటానంటే ఆరు నెలలు గడువు. నాకు ఓటీయే బాగుంది అంటే ఎముకల విభాగాధిపతిగా గౌరవంగా ఉండనివ్వండి, సూపరింటెండెంట్ పదవికి మూడేళ్ల కాలపరిమితి అని ఇప్పుడే రాసిపెట్టండి. కాలపరిమితి ఉంటే దిగేవాళ్లకు తలవంపులుండవు, ఎక్కేవాళ్లకు ఎప్పుడు సిద్ధంగా ఉండాలో తెలుస్తుంది.